జయసింహ పక్కన వహీదా



పోయినేడాది బక్రీద్ నాటి సంగతి. ఖుర్బానీ హిస్సాలు పంచేసి, లోపల ఆడవాళ్లు కలేజీ వేపుతుంటే, అరసవిల్లిలో మా ఇంటి వసారా మీద గుంటలంతా చేరి ఒక బహస్ పెట్టుకున్నారు. (కాగితం మీద అరసవల్లి. మా నోటికి ఎప్పుడూ అరసవిల్లే.) మా అక్క పిల్లలిద్దరూ, నా కొడుకూ, పక్కింటి కుర్రాళ్లు ఇద్దరూ. బహస్ దేని మీదంటే, ‘హనుమాన్’ లాంటి సూపర్‌హీరో సినిమా ఇంకోటి వస్తే అందులో హీరో మనసుపడే పిల్లగా ఎవరైతే బాగుంటారు? ఫోన్‌లో పోల్ పెట్టడానికి పేర్లు రాసుకుంటున్నారు. ఒకడు సాయిపల్లవి అన్నాడు. ‘ఆమె డ్యాన్సు మొదలెడితే ఎగిరే హీరోని ఎవడు చూస్తాడ్రా’ అని ఇంకొకడు కొట్టేశాడు. తెలుగమ్మాయినే పెట్టాలని ఒకడి జిద్దు. ‘ఉంటే కదా పెట్టడానికి’ అని ఇంకొకడి జవాబు.

నేను కుర్చీలో కూర్చుని పేపర్ చూస్తున్నట్టు నటిస్తూ వింటున్నాను. ఈ షౌఖ్ మా జమానాలోనూ ఉండేది. మాకు ఫోన్లు లేవు, డే అండ్ నైట్ కూడలి దగ్గర టీ కొట్టు ఉండేది, అంతే ఫరక్.

అప్పుడు మా అక్క కొడుకు ‘ఇమాన్వి పేరు రాయండిరా’ అన్నాడు. పక్కింటి కుర్రాడు రాయబోయాడు కూడా. నా కొడుకు ఆపాడు. ‘ఒద్దురా బావూ. ఆ పేరెడితే సినిమా ఆడనిస్తారేటి? ఏప్రిల్లో ఏటయిందో చూసినావు కదా. మనకెందుకొచ్చిన గొడవ.’

పేరు రాయలేదు. ఎవరూ ఏమీ అనలేదు. బహస్ ముందుకెళ్లిపోయింది. మా అక్క కూతురు, ఎనిమిదో క్లాసు పిల్ల, స్కూలు ఫంక్షన్లలో డ్యాన్సు చేస్తుంది, గుమ్మం దగ్గర నిలబడి మొత్తం వింది. వినేసి లోపలికి వెళ్లిపోయింది.

నాకు ఆ రోజు కలేజీ రుచి తెలియలేదు. బయట ఎవడో అన్నాడంటే అది వేరు. నా ఇంట్లో, నా కొడుకు, ఎవరూ అడక్కముందే ఒక ఆడపిల్ల పేరు కొట్టేశాడు. వాణ్ని తిట్టబుద్ధి కాలేదు. వాడు అన్నది అబద్ధం కాదు కనుక. అయితే వాడికి తవారీఖ్ తెలియదు. తెలిస్తే కనీసం కొట్టేసే ముందు కాసేపు ఆలోచించేవాడేమో అని ఇది రాస్తున్నాను.

ముందు ఏప్రిల్ సంగతి, తెలియనివాళ్ల కోసం. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని కాల్చి చంపారు. ఆ జాలిమ్‌ల మీద లానత్ పంపని ఇల్లు మన బిరాదరీలో లేదు. ఆ దుఃఖంలోంచి సోషల్ మీడియాలో ఒక మాట పుట్టింది. హను రాఘవపూడి డైరెక్షన్‌లో ప్రభాస్ చేస్తున్న సినిమాలో హీరోయిన్ ఇమాన్వి పాకిస్తాన్ పిల్ల అనీ, ఆమె తండ్రి అక్కడి ఫౌజులో చేశాడనీ, ఆమెను తీసెయ్యాలనీ. రెండ్రోజులకల్లా ఆ అమ్మాయి బయటికొచ్చి బయాన్ ఇచ్చుకోవలసి వచ్చింది. మా ఖాందాన్‌లో ఎవరికీ పాకిస్తాన్ ఫౌజుతో తాలూకు లేదు, నేను పుట్టింది లాస్ ఏంజెలెస్‌లో, నేను భారతీయ అమెరికన్‌ని, హిందీ, తెలుగు, గుజరాతీ, ఇంగ్లీషు మాట్లాడతాను అని. డ్యాన్సు వీడియోలు చేసుకునే పిల్ల, మొదటి సినిమా. తన ఖాందాన్ గురించి దేశం మొత్తానికి సఫాయీ చెప్పుకోవడంతో మొదలైంది ఆమె కెరీర్.

ఆ సినిమా ఆగలేదు. అక్టోబర్‌లో ప్రభాస్ పుట్టినరోజున పేరు కూడా ప్రకటించారు. ఏం పేరు? ‘ఫౌజీ’.

నేను కాసేపు నవ్వుకున్నాను. ప్రభాస్ సినిమాల పేర్లు వరసగా చూడండి. ‘సలార్’ మన సాలారే. ‘రాజా సాబ్’లో సాబ్ మన సాహబే. ఇప్పుడు ‘ఫౌజీ’. మాట ఎక్కడి నుంచి వచ్చిందని పోస్టర్‌ని ఎవరూ అడగరు. అడగాల్సిన పనీ లేదు, ఆ మాటలు తెలుగులో కలిసిపోయి మూడు నాలుగు వందల ఏళ్లయింది. మా ఊరి సంగతే తీసుకోండి. శ్రీకాకుళానికి ఒకప్పుడు గుల్షనాబాద్ అని పేరు. పూలతోటల ఊరని. కుతుబ్‌షాహీల తరఫున ఇక్కడ కూర్చున్న ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఊళ్లో ఉంది, జుమ్మాకి నేను అక్కడికే పోతాను. దానికి కాస్త అవతల మా అరసవిల్లిలో సూర్యనారాయణస్వామి గుడి. రథసప్తమి రాత్రి దర్శనం లైను మా వీధి దాకా వస్తే, మా అమ్మీ బిందెతో నీళ్లు పెట్టి కూర్చునేది. ఫౌజుదారు అన్న మాట కోర్టు కాగితాల్లో ఫౌజ్‌దారీ అయింది, ఇప్పుడు సినిమా పోస్టర్ మీద ఫౌజీ అయింది. మాటకి వీసా అక్కర్లేదు. మనిషికే కావాల్సొచ్చింది.

ఇక అసలు ఖిస్సా.

సూపర్‌హీరో అనే మాట కొత్తది గానీ, ఆ మనిషి తెలుగు తెరకి కొత్తవాడు కాదు. మన పెద్దల కాలంలో వాణ్ని జానపద వీరుడు అనేవాళ్లు. ‘హనుమాన్’లో కుర్రాడికి మణి దొరికి బలం వచ్చినట్టే, 1951లో ‘పాతాళభైరవి’లో తోటరాముడికి అడిగిందల్లా ఇచ్చే ప్రతిమ దొరికింది. తోటమాలి కొడుకు రాజకుమారిని ప్రేమించాడు కనుకే కదా అన్ని పాట్లూ పడ్డాడు. అంటే ఈ కథల్లో ఆ పిల్ల అలంకారం కాదు. వీరుడు వీరుడు కావడానికి సబబే ఆమె. అందుకే ఆ పిల్లగా ఎవరు ఉండాలన్నదాని మీద జనానికి అంత పట్టింపు. హీరో మనవాడు. వాడు మోహించే పిల్ల ఎవరో చెప్తే, మన మనసు ఎవరి మీద పడొచ్చో, ఎవరి మీద పడకూడదో చెప్పినట్టే.

ఈ రకం కథలు తెలుగు సినిమాకి ఎన్నో చోట్ల నుంచి వచ్చాయి. కాశీమజిలీల నుంచి వచ్చాయి, బుర్రకథల నుంచి వచ్చాయి, మన దాస్తాన్ల నుంచి కూడా వచ్చాయి. గుల్-ఎ-బకావళి ఖిస్సా చూడండి. 1722లో ఇజ్జతుల్లా బంగాలీ ఫార్సీలో రాశాడు. ఫోర్ట్ విలియం కాలేజీలో నిహాల్‌చంద్ లాహోరీ దాన్ని ఉర్దూ నస్ర్‌లోకి తెచ్చి ‘మజ్‌హబ్-ఎ-ఇష్క్’ అని పేరు పెట్టాడు. తర్వాత పండిత్ దయాశంకర్ నసీమ్ దాన్నే మస్నవీ చేసి ‘గుల్జార్-ఎ-నసీమ్’ అన్నాడు. ముసల్మాన్ రాసినదాన్ని లాహోర్ హిందువు తీసుకున్నాడు, ఆయన దగ్గర్నుంచి కశ్మీరీ పండితుడు తీసుకున్నాడు. అలా చేతులు మారుతూ మారుతూ 1962లో ఎన్టీ రామారావు సొంత సంస్థకి చేరి ‘గులేబకావళి కథ’ అయింది. కళ్లుపోయిన తండ్రి కోసం పువ్వు తేవడానికి బయల్దేరిన రాజకుమారుడు ఎన్టీఆర్, జమున హీరోయిన్. పాటలు రాసింది సి. నారాయణరెడ్డి, సినిమాలో ఆయనకు అదే శ్రీకారం. ఆయన చదువంతా ఉర్దూ మీడియంలో అయిందని మీలో ఎంతమందికి తెలుసు?

ఇంకా ఉన్నాయి. 1949 ‘లైలా మజ్ను’లో లైలా భానుమతి. 1957 ‘అల్లావుద్దీన్ అద్భుతదీపం’లో నాగేశ్వరరావు పక్కన అంజలీదేవి. 1970 ‘ఆలీబాబా 40 దొంగలు’లో ఎన్టీఆర్ పక్కన జయలలిత. ఈ కథలన్నీ మనవి, వేషాలు మనవి, ఆ వేషాలు కట్టినవాళ్లు మన మజ్‌హబ్‌వాళ్లు కారు. దానికి మా దాదా పర్‌దాదాలు ఎవరైనా అభ్యంతరం చెప్పారా? లేదు. భానుమతి కంటే లైలా ఎలా ఉంటుందని అడిగితే వాళ్లు నోరు వెళ్లబెట్టేవాళ్లు. నటన అంటేనే ఒకరు ఇంకొకరు కావడం.

ఇప్పుడు 1955 సంవత్సరానికి రండి. ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క ఏడాది కోసమే రాస్తున్నాననుకోండి.

ఆ ఏడాది అంజలీదేవి వాళ్ల సొంత సంస్థ ‘అనార్కలి’ తీసింది. వేదాంతం రాఘవయ్య డైరెక్షన్. సలీం నాగేశ్వరరావు, అనార్కలి అంజలీదేవి. మొగల్ దర్బారులో తెలుగు కనీజ్. అదే ఏడాది ఎన్టీఆర్ తన నేషనల్ ఆర్ట్ థియేటర్ మీద ‘జయసింహ’ అనే జానపదం తీశారు. డైరెక్టర్ యోగానంద్. కత్తి పట్టిన రాజకుమారుడు ఎన్టీఆర్. ఆయన పక్కన ఇద్దరు నాయికలు. ఒకరు అంజలీదేవి. ఇంకొకరు పదిహేడేళ్ల పిల్ల, పేరు వహీదా రెహమాన్.

ఒకే ఏడాదిలో అంజలీదేవి మొగల్ దర్బారులో అనార్కలి అయింది, ఒక ముసల్మాన్ ఆఫీసరు బిడ్డ తెలుగు రాజ్యంలో కథానాయిక అయింది. ఈ అదలాబదలీ ఎవరూ ప్లాన్ చేసింది కాదు, దీన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోనూ లేదు. అలా జరిగిపోయిందంతే. నాకు నచ్చేది అదే. ఎన్టీ రామారావు అంటే అప్పటికే మామూలు మనిషి కాదు. సొంత డబ్బు పెట్టి, తన పక్కన నిలబడే పిల్లని తనే ఎంచుకున్నాడు. ఆ పిల్ల పేరు పోస్టర్ మీద యథాతథంగా ఉంటే టికెట్లు తెగవేమో అని ఆయన అనుకోలేదు.

వహీదా ఎవరి పిల్ల? పుట్టింది చెంగల్పట్టులో, 1938 ఫిబ్రవరి 3న. దక్కనీ ముసల్మాన్ ఖాందాన్. తండ్రి సర్కారీ అధికారి, బదిలీల ఉద్యోగం. ఆయన విశాఖపట్నంలో ఉన్నప్పుడు ఆమె అక్కడి సెయింట్ జోసెఫ్ కాన్వెంటులో చదువుకుంది. 1950 ఆగస్టు 15 దాకా మా శ్రీకాకుళం కూడా ఆ విశాఖపట్నం జిల్లాలోదే. కాబట్టి కొంచెం జబర్దస్తీగానైనా ఆమెను మా పిల్లే అంటాను. మీరు కాదనకండి.

ఆమె డ్యాన్సు నేర్చుకోవడం కూడా అంత ఆసాన్‌గా జరగలేదు. మద్రాసులో తిరుచెందూర్ మీనాక్షిసుందరం పిళ్లై అనే పెద్ద గురువు. ముస్లిం పిల్లకి భరతనాట్యం నేర్పనన్నాడు. వదలకుండా అడిగితే జాతకం తెమ్మన్నాడు. మన ఇళ్లలో జాతకాలెక్కడివి? ఆఖరికి పుట్టిన తేదీ తీసుకుని ఆయనే జాతకం వేసుకుని చూసుకుని, అప్పుడు ఒప్పుకున్నాడు. ఇది వహీదానే చెప్పుకున్న సంగతి. అవతలి వైపు గుమ్మం అలా ఉంటే, ఇవతలి వైపు గుమ్మం ఎలా ఉంది? చుట్టాలు తండ్రిని నిలదీశారు. ముసల్మాన్ ఆడపిల్లలు స్టేజీ ఎక్కి నాట్యం చేస్తారా అని. ఆయన, కళలో తప్పు లేదు, మనిషి నడవడిలో ఉంటే ఉంటుంది అన్న అర్థంలో జవాబిచ్చాడట. ఆ తండ్రి ఆమె చిన్నతనంలోనే పోయాడు. ఇల్లు గడవాలి. తండ్రికి తెలిసినవాడైన సి.వి.ఆర్. ప్రసాద్ అనే నిర్మాత, తాపీ చాణక్య డైరెక్షన్‌లో తీస్తున్న ‘రోజులు మారాయి’లో ఒక డ్యాన్సుకి పిలిచాడు. అదే 1955. సినిమాలో నాగేశ్వరరావుకి జంట షావుకారు జానకి. వహీదాది ఒక్క పాట, ఏరువాక పాట. ఆ ఒక్క పాటకే జనం మళ్లీ మళ్లీ టికెట్ కొన్నారు. ఒండ్రు నేల, దుక్కి, నాట్లు, ఇవన్నీ మన తెలుగు రైతు పండుగ సంగతులు. ఆ పండుగకి మొహం అయింది వహీదా. ఆమె ఎవరి పిల్ల అని ఆ రోజు నేల క్లాసులో ఎవరైనా అడిగి ఉంటారా? అడిగినా పక్కవాడు ‘నోర్ముయ్, పాటొస్తంది’ అని ఉంటాడు.

పేరు మార్చుకోమన్న మాట ఆమెకి తెలుగులో రాలేదు. బొంబాయిలో వచ్చింది. ‘రోజులు మారాయి’ విజయయాత్రలో హైదరాబాద్‌లో ఉండగా గురుదత్ కంట్లో పడింది, బొంబాయికి కబురొచ్చింది. రాజ్ ఖోస్లా డైరెక్షన్‌లో ‘సి.ఐ.డి.’, 1956. పేరు పొడుగ్గా ఉంది, బాగాలేదు, మార్చుకో అన్నారు. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ కాలేదా? మహజబీన్ మీనా కుమారి కాలేదా? ముంతాజ్ మధుబాల కాలేదా? అందరూ మార్చుకున్నారు, నీకేంటి? ఆ పిల్ల మైనరు, కాగితం మీద సంతకం తల్లి పెట్టాలి. అయినా మార్చుకోనంది. ఇది మా అమ్మా నాన్నా పెట్టిన పేరు అంది. వాళ్లు రోజుల తరబడి ఆలోచించి, ఆ పేరుతోనే తీసుకున్నారు. తర్వాత ‘ప్యాసా’ వచ్చింది, ‘గైడ్’ వచ్చింది, 2023లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ప్రకటించారు. ఆ పురస్కారం కాగితం మీద కూడా అదే పేరు.

పేరు మార్చుకున్నవాళ్లని నేను తక్కువ చేయడం లేదు. రోటీ సంపాదించుకోవాలి. నఖత్ ఖాన్ ఖుష్బూ అయి 1986లో ‘కలియుగ పాండవులు’లో వెంకటేష్ పక్కన నిలబడింది. తబస్సుమ్ ఫాతిమా హాష్మీ టబు అయింది. మన హైదరాబాద్ పిల్లే. ‘నిన్నే పెళ్లాడతా’ చూసి ఆమె మీద మనసు పారేసుకోని మగపిల్లాడు మా కాలేజీలో లేడు. పేరు కురచ చేసుకుంటే తలుపు సులువుగా తెరుచుకుంటుంది. కానీ కురచ చేసుకోకపోయినా తెరుచుకున్న రోజు ఒకటి ఉందని మా గుంటలకి తెలియాలి.

ఇంకొకామె కూడా ఉంది, ఈమె నిఖార్సుగా మా సముద్రం ఒడ్డు పిల్ల. జరీనా వహాబ్ పుట్టింది విశాఖపట్నంలో. పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివింది. 1975లో ఆదుర్తి సుబ్బారావు ‘గాజుల కిష్టయ్య’లో కృష్ణ పక్కన నటించింది. మరుసటి ఏడాది హిందీలో ‘చిత్‌చోర్’. ఈమె కూడా పేరు మార్చుకోలేదు. ఇప్పటి కుర్రాళ్లకి ఆమె మొహం తెలుసు, పేరు తెలియదు. ‘దేవర’లో ఎన్టీఆర్ తల్లి ఎవరనుకున్నారు? ‘రాజా సాబ్’లో ప్రభాస్ బామ్మ ఎవరనుకున్నారు? తల్లిగా, బామ్మగా ఆ పేరుతో ఎవరికీ ఇబ్బంది లేదు. హీరో ఆమె కాళ్లకి దండం పెడితే హాల్లో ఈలలే. ఇబ్బంది వచ్చేది వయసు పిల్ల దగ్గరే, ఇష్క్ దగ్గరే. ఇది మీరు గమనించారా?

అభిమానులు హీరోయిన్ల మీద వాదులాడుకోవడం ఎప్పుడూ ఉన్నదే, అందులో ప్రతిదీ మజ్‌హబ్ గొడవ కాదు. 1980లో ఎన్టీఆర్‌తో తెలుగులోనే ‘సూపర్‌మేన్’ అని తీశారు. మధుసూదనరావు డైరెక్షన్. హీరోకి ఆంజనేయస్వామి దయవల్ల శక్తులు వస్తాయి. ‘హనుమాన్’కి నలభై నాలుగేళ్ల ముందే. హీరోయిన్ జయప్రద, రాజమండ్రి పిల్ల, పద్దెనిమిదేళ్లు. హీరోకి యాభై ఏడు. టీ కొట్టు దగ్గర బహస్ అంతా ఆ లెక్క మీదే. అంతకుముందే శ్రీదేవి విషయంలో ఈ పంచాయితీ అయిపోయింది. 1972లో ‘బడిపంతులు’లో ఎన్టీఆర్‌కి మనవరాలు, 1979లో ‘వేటగాడు’లో హీరోయిన్. మా చిన్న మామూ ఎన్టీఆర్ భక్తుడు. ‘మనవరాలు పెద్దదయింది, తాత చిన్నోడయ్యాడు, అల్లా ఖుద్రత్’ అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాడు.

ఈమధ్య ‘తండేల్’ వచ్చినప్పుడు మా జిల్లాలో జరిగిన బహస్ ఇంకా చిత్రం. కథ మా మత్స్యకారులది. 2018లో గుజరాత్ సముద్రంలో వేటకెళ్లి పాకిస్తాన్‌వాళ్లకి దొరికిపోయి, 2020 జనవరిలో తిరిగొచ్చిన మనుషులది. హీరోయిన్ సాయిపల్లవి, నీలగిరి కొండల్లో కోటగిరి పిల్ల. ఆమె ఏ ఊరిదని మా వాళ్లు పట్టించుకోలేదు. మా యాస సరిగ్గా పలికిందా లేదా అని మాత్రం మాటమాటకీ తూకం వేశారు. అది న్యాయమైన బహస్. పాత్రకి తగ్గట్టు ఉందా, భాష పలికిందా, కళ్లు మాట్లాడాయా? అభిమాని అడగాల్సినవి అవే. ఎంత గట్టిగా అడిగినా తప్పు లేదు.

తప్పు మొదలయ్యేది, పిల్లని చూడకముందే ఆమె తండ్రిని వెతకడం దగ్గర. ఇది మన దేశం జబ్బు ఒక్కటే అనుకోవద్దు. అమెరికాలో 2016లో కొత్త స్పైడర్‌మేన్ సినిమాలో జెండయా మేరీ జేన్ అవుతుందట అని పుకారు లేచింది. కామిక్స్‌లో మేరీ జేన్ తెల్లగా, ఎర్రజుట్టుతో ఉంటుంది. జెండయా తండ్రి నల్లజాతివాడు. కొంతమంది అభిమానులు పెద్ద రభస చేశారు. అప్పుడు జేమ్స్ గన్ అనే ఇంకో సూపర్‌హీరో డైరెక్టరు, ఒంటి రంగూ జుట్టు రంగే ఒక పాత్రకి ముఖ్యమైతే ఆ పాత్రలో లోతు లేనట్టే కదా అని వాళ్లకి జవాబు రాశాడు. మరుసటి ఏడాది సినిమా వచ్చింది. ఇప్పుడు ఆ కుర్రాడి పక్కన ఆమె తప్ప ఇంకొకరుంటే ఒప్పుకోరు ఆ అభిమానులే. జనం మారతారు. కాకపోతే మారేదాకా ఎవరో ఒకరు ఆ పిల్లని పోస్టర్ మీద ఉంచాలి.

అదే మార్వెల్ కంపెనీ 2014లో కమలా ఖాన్ అనే పాకిస్తానీ అమెరికన్ పిల్లని సూపర్‌హీరోని చేసి సొంత కామిక్ ఇచ్చింది, 2022లో సిరీస్ కూడా తీసింది. అందులో పిల్ల ఎవరి పక్కనా నిలబడదు, తనే ఎగురుతుంది. మా మేనకోడలు అది మూడుసార్లు చూసింది. నేను రెండో ఎపిసోడ్ దగ్గర నిద్రపోయాను, ఒప్పుకుంటున్నాను.

మీలో కొంతమంది ఈపాటికి అడగాలనుకుంటున్నది నాకు తెలుసు. అసలు మన ఆడపిల్లలు సినిమాల్లో వెయ్యడమేంటి, దానికి నువ్వు వకాల్తా ఏంటి అని. సినిమా జాయజా నాజాయజా అన్న మస్‌అలా ఆలిమ్‌లది, నాది కాదు. మీ ఇంటి ఫైసలా మీది. నేను చెప్పేది అంతకన్నా చిన్న సంగతి. వహీదా చుట్టాలు ఆమెని మన పిల్ల అయ్యుండీ ఎందుకెళ్లావన్నారు. గురువుగారు మా పిల్లవి కాకుండా ఎందుకొచ్చావన్నాడు. మధ్యలో పదిహేడేళ్ల పిల్ల. ఈ రెండు ప్రశ్నలూ ఒక చోటే పుట్టాయి. ఆ పిల్లకి ఏం వచ్చో అడగకుండా ఎవరి పిల్లో అడగడంలో. మొన్న మా వసారా మీద ఆ రెండూ కలిసి నా కొడుకు నోటి నుంచి మూడో రకంగా వచ్చాయి. మనకెందుకొచ్చిన గొడవ.

ఆ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర ఈ ముచ్చటంతా చెప్పాను. వహీదా, జయసింహ, 1955. గుంటలు బిర్యానీ మీద ధ్యాసతో ఊకొట్టారు. మా అమ్మీకి ఎనభై దాటింది, ఈమధ్య సగం మాటలు వినిపించవు. వహీదా అన్న పేరు మాత్రం వినిపించింది.

‘జయసింహ నేను చూశాను’ అంది.

నాకు తెలియదు. యాభై ఏళ్లుగా ఆమె కొడుకుని, నాకు తెలియదు. అబ్బాకి సినిమా అంటే గిట్టేది కాదు, ఆయన ఉండగా ఈ మాట ఎప్పుడూ రాలేదు.

అప్పుడు అమ్మీకి పన్నెండేళ్లట. ఆడవాళ్ల బెంచీలకి అడ్డంగా పర్దా కట్టి ఉండేదట, లైట్లు తీసేశాక దాన్ని పక్కకి లాగేవాళ్లట. పక్కింటి అక్క నాలుగణాలు పెట్టి తీసుకెళ్లింది. అమ్మీ అయిదో క్లాసు దాకా తెలుగు బడిలో చదివింది కనుక తెర మీద పేర్లు పైకి చదువుతూ కూర్చుందట. చదువుతూ చదువుతూ ఒక పేరు దగ్గర ఆగిపోయింది. పక్కింటి అక్క ‘ఏటే ఆగిపోనావు?’ అంది.

‘వహీదా అని ఉందక్కా’ అని చెప్పాను, అంది అమ్మీ. ‘మా ఫుప్పూ పేరు వహీదా. తెలుగు అక్షరాల్లో ఆ పేరు అంత పెద్దగా నేనెప్పుడూ చూళ్లేదు.’

‘అప్పుడేటయింది నానీ?’ అంది మా మేనకోడలు.

‘ఏమవుద్ది, సినిమా చూశాం. ఇంటికొచ్చాక మా అమ్మ వీపు చీరేసింది.’

గుంటలు పడీ పడీ నవ్వారు. అమ్మీ కూడా నవ్వింది. కథేంటో గుర్తు లేదంది, కత్తియుద్ధాలు బాగున్నాయంది. ఫోన్‌లో పాత సినిమా వెతికి పెడితే పది నిమిషాలు చూసి, అద్దాలు తీసేసి పడుకుంది. నా కొడుకు ఇంకాస్సేపు చూశాడు. ‘గ్రాఫిక్స్ లేకుండా బానే తీశారు’ అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

ఇషా అయ్యాక మా ఖాందాన్ గ్రూపులో కొత్త పోల్ వచ్చింది. సూపర్‌హీరో పక్కన ఎవరు? ఈసారి అయిదు పేర్లు. పెట్టింది మా మేనకోడలు. అయిదో పేరుకి నేను పడుకునే వేళకి మూడు ఓట్లున్నాయి. దానిది, దాని అన్నది, నాది. నా కొడుకు ఓటు మాత్రం ఇంకా వెయ్యలేదు.